బిడ్డ క్లోమానికి పునాది తల్లి కడుపులోనే!

చక్కెర వ్యాధి అనగానే నలభై ఏళ్ళు దాటినవారి జబ్బు అనుకుంటాం. తిండి ఎక్కువై, ఒళ్ళు వంచక వస్తుందనుకుంటాం. అది కొంతవరకు నిజమే. కాని అసలు కథ ఎంతో ముందే మొదలవుతుంది. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ క్లోమ గ్రంథిలో తయారవుతుంది. ఆ గ్రంథి ఏర్పడేది తల్లి గర్భంలో.

మొగ్గ నుంచి గ్రంథి

పిండం వయసు నాలుగు వారాలున్నప్పుడు, పేగుగా మారబోయే గొట్టం మీద రెండు చిన్న మొగ్గలు తొడుగుతాయి. ఏడో వారానికల్లా రెండూ కలిసి ఒకే గ్రంథి అవుతాయి. మూడో నెలకు ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు కనిపిస్తాయి. అప్పటికి చాలామంది తల్లులు డాక్టరు దగ్గరికే వెళ్ళి ఉండరు!

ఈ మొగ్గ తనంతట తాను పెరగదు. 1962లో అమెరికాలో గోలోసో, గ్రోబ్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులు ఎలుక పిండం నుంచి దాన్ని తీసి పెంచి చూశారు. చుట్టూ ఉన్న మెత్తని కణజాలం లేకపోతే అది ఎదగలేదు. తోడుగా ఉంచితే ఎదిగింది. ఇలాంటి కణజాలం పంపే సందేశాలను మోసే ప్రోటీనులే వృద్ధి కారకాలు. వీటిని కనుగొన్నందుకు లెవీ-మోంటాల్చీని, కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి లభించింది. ఎఫ్.జి.ఎఫ్.-10 అనే కారకం లేని ఎలుకల్లో క్లోమపు మొగ్గ పుట్టినా పెరగదని 2001లో తేలింది.

ఇవి మందుల షాపులో దొరికే టానిక్కులు కావు. పిండమే తయారుచేసుకుంటుంది. తల్లి ఇవ్వవలసింది సరైన ఆహారం.

తక్కువైనా ముప్పే

ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని గర్భిణికి తిండి తగ్గించే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఇది పొరపాటు. కడుపులో పోషణ చాలని బిడ్డకు ముందుముందు చక్కెర వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువని 1992లో హేల్స్, బార్కర్ సూచించారు.

మన దగ్గరే దీనికి ఊతమిచ్చే పరిశోధన జరిగింది. 1987-90 మధ్య హైదరాబాదు సమీప గ్రామాల్లో కొన్నింటిలో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు పోషకాహారం అందింది, కొన్నింటిలో అందలేదు. ఆ పిల్లలను 13-18 ఏళ్ళ వయసులో పరీక్షిస్తే, ఆహారం అందిన గ్రామాల వారు సుమారు 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఇన్సులిన్‌కు శరీరం లొంగని గుణం వారిలో 20 శాతం తక్కువగా ఉంది. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి.

ఎక్కువైనా ముప్పే

తల్లి రక్తంలోని చక్కెర మావిని దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. తల్లికి షుగరు పెరిగితే బిడ్డ క్లోమం అదనంగా పనిచేయాలి. బిడ్డ మరీ లావెక్కి కాన్పు కష్టమవుతుంది. బొడ్డు కోయగానే పైనుంచి వచ్చే చక్కెర ఆగి, బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవచ్చు. అందుకే పుట్టిన గంటలోపే చనుబాలు పట్టాలి.

గర్భిణులు ఏం చేయాలి?

నెల తప్పగానే పేరు నమోదు చేయించుకోండి. అప్పుడే షుగరు పరీక్ష చేయించుకోండి. బాగున్నా 24-28 వారాల మధ్య మళ్ళీ చేయించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 140 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే వైద్యం అవసరం. డాక్టరు ఇన్సులిన్ రాస్తే భయపడకండి. అది మావిని దాటి బిడ్డను చేరదు.

అంగన్‌వాడీ భోజనం, గుడ్డు, పాలు వదలకండి. కొల్లాపూర్ ప్రాంతం నుంచి పనులకు వలసపోయే తల్లులు తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకెళ్ళి, అక్కడి అంగన్‌వాడీలో చూపించాలి. కొల్లాపూర్ మామిడి ఎంత తియ్యనిదైనా, షుగరు తేలిన గర్భిణి రసం జోలికి పోకుండా, ఎన్ని ముక్కలు తినవచ్చో డాక్టరును అడగాలి. కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష తప్పనిసరి.

అత్తలకు, భర్తలకు ఒక మాట. కోడలి కంచంలో నేడు వడ్డించే గుడ్డు, పప్పు రేపటి మనవడి ఆరోగ్యానికి పెట్టుబడి.