లోహ హైడ్రైడ్‌ల స్ఫటిక నిర్మాణంపై పీడన, ఉష్ణోగ్రతల ప్రభావం

లోహ హైడ్రైడ్‌ల అధ్యయనంలో ‘పీడనం’ అనే మాట రెండు వేర్వేరు అర్థాలలో ప్రయుక్తమవుతున్నది. మొదటిది లోహాన్ని ఆవరించి ఉన్న హైడ్రోజన్ వాయు పీడనం. లోహంలోకి ఎంత హైడ్రోజన్ ప్రవేశిస్తుందో ఇది నిర్ణయిస్తుంది. రెండవది ఘనపదార్థాన్ని అన్ని వైపుల నుంచి నొక్కే యాంత్రిక పీడనం. ఇది సంఘటనాన్ని మార్చకుండానే పరమాణువుల అమరికను మార్చగలదు. ఈ రెండింటినీ ఒకే పట్టికలో చేర్చి బోధించడం వల్ల విద్యార్థులకు అయోమయమే మిగులుతుంది.

మొదటి అర్థానికి పల్లాడియం ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈ లోహం తన ఘనపరిమాణానికి కొన్ని వందల రెట్లు హైడ్రోజన్‌ను పీల్చుకొంటుందని థామస్ గ్రాహం 1866లోనే వెల్లడించాడు. పల్లాడియంది ముఖకేంద్రిత ఘనాకార జాలకం. హైడ్రోజన్ అందులోని అష్టముఖి ఖాళీలలో చేరుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద మొదట కొద్దిపాటి హైడ్రోజన్ కరిగి ఆల్ఫా ప్రావస్థ ఏర్పడుతుంది. అప్పటికి జాలక స్థిరాంకం 3.89 ఆంగ్‌స్ట్రామ్‌ల దరిదాపులలోనే ఉంటుంది. వాయు పీడనం ఒక నిర్దిష్ట విలువను చేరగానే సుమారు 4.03 ఆంగ్‌స్ట్రామ్‌ల స్థిరాంకం గల బీటా ప్రావస్థ దాని పక్కనే మొలకెత్తుతుంది. రెండింటి సౌష్ఠవమూ ఒక్కటే. ఘనపరిమాణం మాత్రం సుమారు 10 శాతం పెరుగుతుంది. సౌష్ఠవం మారితేనే ప్రావస్థా పరివర్తన జరిగినట్లు భావించేవారు ఈ విషయాన్ని గమనించాలి.

ఈ ఆకస్మికతకు కారణం జాలకంలోనే ఉంది. ఒక హైడ్రోజన్ పరమాణువు చేరినచోట జాలకం వ్యాకోచించి, మరొక పరమాణువు చేరికను సులభతరం చేస్తుంది. అంటే పరమాణువుల మధ్య జాలకం ద్వారా పరోక్ష ఆకర్షణ ఏర్పడుతుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఎంట్రోపీ ఈ ఆకర్షణను అధిగమిస్తుంది. సుమారు 290 డిగ్రీల సెల్సియస్, 20 అట్మాస్ఫియర్‌ల వద్ద సందిగ్ధ బిందువు దాటిన తరువాత రెండు ప్రావస్థల భేదమే ఉండదు. జాలకం క్రమంగా వ్యాకోచిస్తుంది. హైడ్రోజన్‌ను శుద్ధిచేసే పల్లాడియం పొరలను చల్లగా ఉండగా వాయువుకు గురిచేస్తే అవి ముడతలుపడి పగలడానికి కారణమిదే. ఈ సందిగ్ధ ఉష్ణోగ్రతను తగ్గించడానికే పల్లాడియంలో సుమారు 23 శాతం వెండి కలుపుతారు.

రెండవ అర్థానికి క్షారలోహ హైడ్రైడ్‌లను చూడవచ్చు. సోడియం హైడ్రైడ్ సాధారణ పరిస్థితులలో ఉప్పు నిర్మాణాన్ని పోలి ఉంటుంది. సుమారు 30 గిగాపాస్కల్‌ల వద్ద సీజియం క్లోరైడ్ నిర్మాణానికి మారి, సమన్వయ సంఖ్య 6 నుంచి 8కి పెరుగుతుంది. అయాన్ పెద్దదైన సీజియం హైడ్రైడ్‌కు దాదాపు 1 గిగాపాస్కల్ చాలు. 2019లో సుమారు 170 గిగాపాస్కల్‌ల వద్ద 250 కెల్విన్‌ల అతివాహకతను చూపిన లాంథనం హైడ్రైడ్‌లో రెండు అర్థాలూ కలుస్తాయి. అధిక పీడనమే ఒక్కొక్క లాంథనం చుట్టూ 32 హైడ్రోజన్‌ల పంజరాన్ని నిర్మిస్తుంది, నిలుపుతుంది. పీడనం తగ్గిస్తే పంజరం వక్రమై సౌష్ఠవం సడలుతుంది.

అయితే మన ప్రాంతానికి నేరుగా సంబంధించినది జిర్కోనియం. భారజల రియాక్టర్ల పీడన నాళాలను జిర్కోనియం-నయోబియం మిశ్రమలోహంతో హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారుచేస్తుంది. సుమారు 300 డిగ్రీల వద్ద ఈ షట్కోణ జాలకంలో పది లక్షల భాగాలకు కొన్ని పదుల భాగాల హైడ్రోజన్ కరిగి ఉండగలదు. గది ఉష్ణోగ్రత వద్ద ఆ ద్రావణీయత దాదాపు శూన్యం. చల్లబడేటప్పుడు విడిపోయిన హైడ్రోజన్ చతుర్ముఖి ఖాళీలలో చేరి, ఫ్లోరైట్‌ను పోలిన డెల్టా హైడ్రైడ్ పలకలుగా అవక్షేపమవుతుంది. ఘనపరిమాణం సుమారు 17 శాతం పెరుగుతుంది, పలకలు పెళుసుగా ఉంటాయి. నాళంలోని శీతలకారి పీడనం సుమారు 10 మెగాపాస్కల్‌లు మాత్రమే. స్ఫటిక నిర్మాణాన్ని మార్చడానికి అది ఏమాత్రం చాలదు. కానీ అది గోడలో కలిగించే ప్రతిబలం తగినంత ఉంటే, చల్లబడేటప్పుడు పలకలు గోడ మందానికి అడ్డంగా కాక దాని దిశలోనే నిలుచుంటాయి; పగులుకు అవే దారి అవుతాయి. 1983లో కెనడాలోని పికరింగ్ కేంద్రంలో హైడ్రైడ్ బొబ్బల వల్లనే ఒక పీడన నాళం చీలిపోయింది. రియాక్టరును ఆపేటప్పుడూ తిరిగి ప్రారంభించేటప్పుడూ ఏ ఉష్ణోగ్రత వద్ద ఎంత పీడనం ఉండవచ్చునో హద్దులు గీసి పాటించడంలో ఈ ద్రావణీయతా వక్రరేఖకూ పాత్ర ఉన్నది.