యువజనుల విద్య - పల్లెల బలము

యువకులకు ఏదైన ఒక పని నేర్పినచో గ్రామము బాగుపడునని సాధారణముగా అందరును చెప్పుదురు. అనుభవములో ఇందుకు భిన్నమైన ఫలితము కూడ కనబడుచున్నది. పని నేర్చిన యువకుడు ఆ పనికి ఎక్కువ ప్రతిఫలము దొరకు పట్టణమునకు తరలిపోవును. అతని ఇంటికి నెలనెలా కొంత సొమ్ము చేరును, అది మంచిదే. కాని ఊరిచెరువులో పూడిక తీయించుటకు, సహకార సంఘపు లెక్కలు చూచుటకు, పదిమందిని ఒక మాటమీదికి తెచ్చుటకు పనికివచ్చు మనిషి ఊరిలో ఒకడు తగ్గిపోవును. కావున యువజన శిక్షణను గూర్చి ఆలోచించునపుడు మొదట తేల్చుకొనవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఎట్టి విద్య యువకుని నిపుణునిగా చేయుచునే అతని ఊరిని కూడ గట్టిపరచగలదు?

ఐరోపా ఖండపు ఉత్తరభాగమున నున్న డెన్మార్కు అను చిన్న దేశము పందొమ్మిదవ శతాబ్దమున ఈ ప్రశ్నను ఎదుర్కొని, తనకు తగిన సమాధానమును కనుగొన్నది. ఆ దేశమునకు చెప్పుకొనదగిన బొగ్గు గనులు లేవు. ఇనుప గనులు లేవు. 1788 వరకు అచటి రైతుబిడ్డలు తాము పుట్టిన జమీందారీని విడిచి పోవుటకు చట్టము ఒప్పుకొనలేదు. 1813లో ప్రభుత్వ ఖజానా దివాలా తీసెను. మరుసటి ఏడు నార్వే చేజారిపోయెను. ఆ కష్టకాలముననే, 1814లో, ప్రతి బిడ్డకును ఏడు సంవత్సరముల చదువు విధిగా ఉండవలెనని శాసనము చేసిరి. 1849లో రాజ్యాంగము వచ్చి, పురుషులలో అధిక సంఖ్యాకులకు ఓటుహక్కు లభించెను. అనగా రైతు కుమారునకు అక్షరము వచ్చెను, ఓటు వచ్చెను. కాని సభలో లేచి తన మాట చెప్పుటయు, ఎదుటివాని మాట ఓపికతో వినుటయు ఇంకను రాలేదు.

ఈ లోటును ముందుగా గుర్తించినవాడు గ్రుంట్‌విగ్ (1783-1872). ఆయన క్రైస్తవ మతాచార్యుడు, చరిత్రకారుడు, కవి. లాటిను వ్యాకరణమును వల్లెవేయించు ఆనాటి పాఠశాలలు జీవము లేనివని ఆయన నిరసించెను. 1829 మొదలు 1831 వరకు వరుసగా మూడు వేసవులు ఇంగ్లండుకు వెళ్లి, కేంబ్రిడ్జిలో గురుశిష్యులు ఒకచోట నివసించుచు ఇష్టాగోష్ఠిగా మాటలాడుకొనుట చూచెను. అట్టి సౌకర్యము రైతుబిడ్డలకు ఏల ఉండరాదని ఆయన ప్రశ్న. పదునెనిమిదేండ్లు దాటిన గ్రామీణ యువకులు కొన్ని నెలలు ఒకే కప్పుక్రింద నివసింపవలెను. మాతృభాష, దేశచరిత్ర, పాట, పరిపాలన విషయములు నేర్వవలెను. ప్రవేశపరీక్షగాని తుదిపరీక్షగాని ఉండరాదు. పుస్తకముకంటె గురువు నోటి మాటకు ప్రాముఖ్యముండవలెను. ఇది ఆయన భావన. ఈ నోటిమాటనే ఆయన సజీవ వాక్కు అని పిలిచెను. 1844 నవంబరు 7వ తేదీన రోడింగ్ అను గ్రామమున ఇట్టి మొదటి ప్రజా విద్యాలయము వెలసినది.

భావన గ్రుంట్‌విగ్‌ది, దానిని పల్లెటూరి మట్టిలో నాటినవాడు క్రిస్టెన్ కోల్డ్. ఇతడు చెప్పులు కుట్టువాని కుమారుడు. బాలురచేత పాఠములు బట్టీ పట్టింపనని పట్టుపట్టి ఉపాధ్యాయవృత్తిలో చిక్కులు తెచ్చుకొనెను. ఒక మతప్రచారకుని వెంట పరిచారకుడుగా టర్కీలోని స్మిర్నా నగరమునకు పోయి, అచట పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చెను. తిరిగి వచ్చునపుడు ట్రియెస్టు రేవులో దిగి, సామాను బండిని తానే లాగుకొనుచు స్వదేశమునకు కాలినడకన చేరెను. 1851లో ఫ్యూన్ ద్వీపమునందలి రుస్లింగె గ్రామములో సుమారు పదునైదుగురు యువకులతో విద్యాలయము తెరచెను. గురువు, శిష్యులు ఒకే బల్లవద్ద భుజించెడివారు. ఒకే అటకమీద నిద్రించెడివారు.

ఈ విద్యాలయముల కాలక్రమము సేద్యపు పనులనుబట్టి ఏర్పడినది. మంచు కురియు శీతకాలమున పొలములో పని యుండదు. నవంబరు నుండి మార్చివరకు అయిదు నెలలు యువకులకు. వేసవిలో మూడు నెలలు యువతులకు. యువకులు చదువు ముగించి దుక్కి సమయమునకు ఇంటికి చేరెడివారు. చరిత్ర, సాహిత్యములతోబాటు వ్రాత, లెక్కలు, భూమి కొలతలు, వ్యాయామము కూడ ఉండెడివి. ప్రతిదినము పాటతో ఆరంభమయ్యెడిది. కోల్డ్‌ను గూర్చి ఒక కథ చెప్పుదురు. ఒక శిష్యుడు వచ్చి, మీ మాటలు వినునపుడు బాగుగనే యున్నవి, తరువాత జ్ఞాపకముండుటలేదు అని మొరపెట్టెనట. పొలములో మురుగు నీటి గొట్టములు పూడ్చినపుడు, వానిని మరల కనుగొనుటకు గుర్తు పెట్టుకొనవలెను. విత్తనము చల్లినచోట గుర్తెందులకు, అది మొలచి తానే కనబడును అని కోల్డ్ బదులు చెప్పెనట.

విత్తనము మొలచు కాలము త్వరలోనే వచ్చినది. 1864లో ప్రష్యా, ఆస్ట్రియాలతో జరిగిన యుద్ధమున డెన్మార్కు ఓడిపోయి దక్షిణ ప్రాంతములను కోల్పోయెను. రోడింగ్ కూడ పరాధీనమయ్యెను. అచటి ఉపాధ్యాయులు సరిహద్దుకు ఇవతలనున్న అస్కోవ్ గ్రామమునకు వచ్చి 1865లో మరల పాఠము మొదలిడిరి. కొద్ది సంవత్సరములలో దేశమంతట పదులకొలది విద్యాలయములు లేచినవి. ఇంతలో మరియొక దెబ్బ తగిలెను. రైళ్లు, ఆవిరి ఓడలు అమెరికా, రష్యా దేశముల గోధుమను చౌకగా తెచ్చి ఐరోపా అంగళ్లలో కుమ్మరింపగా, 1870 తరువాత ధాన్యపు ధరలు పడిపోయినవి. ధాన్యము అమ్ముకొని బ్రతికిన రైతు పాడికి మరలవలసి వచ్చెను.

ఇచట సమస్యను కొంచెము వివరింపవలెను. నాలుగైదు ఆవులున్న చిన్నరైతు ఇంటిలో పాలను పాత్రలలో పోసి, మీగడ పైకి తేలువరకు నిలువయుంచి, ఆ మీగడను కూడబెట్టి చిలుకుదురు. ఒక్కొక్క ఇంటి వెన్న ఒక్కొక్క రుచి. ఒక దినమున్నట్లు మరియొక దినముండదు. ఇంగ్లండు వర్తకునకు కావలసినది ఎల్లప్పుడు ఒకే తీరుననుండు వెన్న. పెద్ద కమతముల వెన్నకు మంచి ధర, చిన్నరైతు వెన్నకు తక్కువ ధర పలికెడివి. 1878లో స్వీడనుదేశీయుడగు గుస్తాఫ్ ద లవాల్ మీగడ తీయు యంత్రమును కనిపెట్టెను. వేగముగా తిరుగు పాత్రలో పాలు పోసినచో బరువైన పాలు అంచునకును, తేలికైన మీగడ నడుమకును చేరి వేరుపడును. ఎన్ని ఇండ్ల పాలనైనను తాజాగా ఒకచోటికి చేర్చి, ఒకే తీరు వెన్న తీయవచ్చునన్నమాట. కాని ఆ యంత్రమును ఏ చిన్నరైతును ఒంటరిగా కొనలేడు.

1882లో పశ్చిమ జట్లండులోని యెడ్డింగ్ గ్రామస్థులు కలిసి మొదటి సహకార వెన్న కర్మాగారము నెలకొల్పిరి. అప్పునకు అందరును ఉమ్మడి పూచీ; లాభము పోసిన పాలనుబట్టి పంపకము; ఓటు మాత్రము మనిషికి ఒకటి. రెండావుల వానికిని ఇరువది ఆవుల వానికిని సభలో సమాన స్థానము. వెన్న తీసిన పాలు తిరిగి రైతు ఇంటికి వచ్చి పందుల మేపునకు ఉపయోగపడెను. 1887లో హోర్సెన్స్‌లో పందిమాంసపు సహకార కర్మాగారము కూడ ఏర్పడెను. శతాబ్దము ముగియునప్పటికి సహకార పాడి కర్మాగారములు వేయి వరకు పెరిగినవి.

చట్టములు, యంత్రములు అట్లుంచి, ఈ సంఘములు నిలుచుటకు కావలసిన గుణములెట్టివో యోచింపుడు. పాలలో నీరు కలుపరాదు. కలిపిన బంధువును సభలో నిలదీయగలుగవలెను. తూకము వేయువానిని నమ్మవలెను. అనుమానము వచ్చినచో లెక్క అడుగుటకు వెనుదీయరాదు. తన ప్రతిపాదన ఓడినను అలిగి సంఘము విడువరాదు. పొరుగువాని అప్పునకు తాను పూచీపడుచున్నాడన్న సంగతి తెలిసి సంతకము చేయవలెను. ఇవి ఏ వృత్తి పాఠశాలయు ఒక గంట పాఠముగా చెప్పజాలని నైపుణ్యములు. వేరు వేరు ఊళ్ల యువకులు అయిదు నెలలు ఒకచోట తిని, పాడి, వాదించి, సర్దుకొని బ్రతికినపుడు ఇవి అలవడును. ప్రజా విద్యాలయములలో చదివినవారు సహకార సంఘముల పాలకవర్గములలో ఎక్కువగా కనబడుటకు కారణమిదే. వెన్న తీయు నేర్పు వేరుగా పాడి పాఠశాలలలో లభించెడిది. ఆ నేర్పును నిలుపుకొనగల సంఘము ఇచట సిద్ధమయ్యెడిది.

అయినను కీర్తియంతయు విద్యాలయములకే కట్టబెట్టుట న్యాయము కాదు. 1814 నాటి నిర్బంధ విద్య, భూమిపై రైతునకు లభించిన హక్కు, ఇంగ్లండు విపణి, కొత్త యంత్రము, ఇవన్నియు కలిసి వచ్చినవి. విద్యార్థులలో ఎక్కువమంది సొంతభూమిగల రైతుల పిల్లలే. కూలివారి బిడ్డలకు అయిదు నెలల తీరిక దొరకుట కష్టమయ్యెడిది. ప్రభుత్వపు ఉపకార వేతనములు ఆ కొరతను కొంతవరకే తీర్చినవి.

అస్కోవ్ విద్యాలయమునందే జరిగిన మరియొక విశేషము చెప్పదగియున్నది. అచట పౌల్ ల కూర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఉపాధ్యాయుడుగా ఉండెను. 1891లో ఆయన ప్రభుత్వ ధనసహాయముతో గాలిమర నిర్మించి విద్యుచ్ఛక్తిని పుట్టించెను. గాలి లేని వేళకు శక్తిని దాచుటకై, ఆ విద్యుత్తుతో నీటినుండి ఉదజని వాయువును తీసి, దానితో విద్యాలయమున దీపములు వెలిగించెను. పట్టణములకు వచ్చిన వెలుగు పల్లెలకు రాకున్నచో యువకులు పల్లెలను విడిచిపోవుదురని ఆయన చింత. అందుచేత 1904 నుండి గ్రామీణ యువకులకు విద్యుత్ పనులలో శిక్షణనిచ్చెను. ఆ శిష్యులలో యొహానెస్ యూల్ ఒకడు. అర్ధశతాబ్దము తరువాత, 1957లో, యూల్ నిర్మించిన మూడు రెక్కల గాలిమర గెడ్సెర్ అనుచోట 200 కిలోవాట్ల శక్తితో పనిచేయసాగెను. 1973 నాటి చమురు సంక్షోభము పిమ్మట నిపుణులు దానిని మరల నడిపి పరిశీలించిరి. నేడు డెన్మార్కు వాడు విద్యుత్తులో సుమారు సగము గాలినుండియే లభించుచున్నది. పల్లెకొరకు నేర్పిన విద్య దేశమునకే వెలుగైనది.

మన దేశమునకును ఈ ఉద్యమముతో సంబంధము కలదు. మైసూరు రాష్ట్రమున వయోజన విద్యా కార్యకర్తలు డెన్మార్కు పద్ధతి ననుసరించి గ్రామ యువకులకు విద్యాపీఠములను నెలకొల్పిరి. 1952లో ఆరంభమైన సమాజాభివృద్ధి పథకపు రోజులలో జనతా కళాశాలలు కూడ ఈ ఆదర్శముతోనే వెలసినవి. వానిలో పెక్కు కాలక్రమమున ఇతర శిక్షణ కేంద్రములుగా మారిపోయినవి. ఆశ్చర్యపడ పనిలేదు. ధ్రువపత్రము చూపనిదే ఉద్యోగము దొరకని చోట, పరీక్షలేని చదువునకు పేదకుటుంబము నెలల తరబడి బిడ్డను పంపగలదా? డెన్మార్కులో నేటికిని డెబ్బదికి పైగా ఇట్టి విద్యాలయములు పరీక్షలు లేకుండగనే నడచుచున్నవన్న, అది వారి పరిస్థితులకు చెల్లినది. మనము భవనములను, కాలక్రమమును అనుకరింప నక్కరలేదు. సారమును గ్రహించిన చాలును.

ఆ సారమునకు తావు మన ఊళ్లలోనే కలదు. 1946లో గుజరాతులో ఖేడా జిల్లా రైతులు ఆరంభించిన పాల సహకారోద్యమపు బాటలోనే మన గ్రామములందును పాల సంఘములు ఏర్పడినవి. పాలలోని వెన్నశాతమును కొలిచి వెల కట్టుట, మనిషికి ఒక ఓటు, ఈ సూత్రములు మన గృహిణులకు కొత్తవి కావు. సంఘపు సర్వసభ్య సమావేశమున వార్షిక లెక్కలను ఇరువది యేండ్ల యువతియో యువకుడో గట్టిగా చదివి వినిపించి, సభ్యుల ప్రశ్నలకు సమాధానము చెప్పు ఏర్పాటు చేసినచో, అది ఏ కళాశాలయు ఈయలేని శిక్షణ. కుట్టుపని, మోటారు మరమ్మతు, కంప్యూటరు నేర్పు ప్రతి కేంద్రములోను వారమునకొక పూట సభ జరుపుట, పద్దు వ్రాయుట, భిన్నాభిప్రాయమును మర్యాదగా చెప్పుట కూడ నేర్పవచ్చును. ఇందుకు వేరుగా యంత్రములు కొనవలసిన పనిలేదు.

నోటిమాటకుగల ఈ శక్తి రేడియోకు పరిచితమే. 1956లో పూనా ఆకాశవాణి పరిధిలో నూటయేబది గ్రామములందు రైతులు బృందములుగా కూర్చుండి ప్రసారము విని, చర్చించి, చేయదగిన పనిని తామే నిర్ణయించుకొన్న ప్రయోగము ప్రసిద్ధము. వినుట సగము, విన్నదానిని పదిమందిలో విచారించుట మిగిలిన సగము. పని నేర్చిన యువకుడు ఊరు విడువవచ్చును, విడువకపోవచ్చును. అది అతని ఇష్టము. కాని పదిమందితో కలిసి పని సాగించుట నేర్చినవాడు ఎచటనున్నను అచట ఒక సంఘము బలపడును. అతడు తన ఊరిలోనే ఉండుటకు తగిన పనియు, గౌరవమును కల్పించుట పెద్దల బాధ్యత.