స్పీడ్ ఉన్నా వీడియో కాల్ ఎందుకు తడబడుతోంది?

చల్లపల్లిలో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్నా డాక్టర్‌తో వీడియో కాల్ తడబడుతోందా? స్పీడ్‌తో పాటు లేటెన్సీ కూడా చూడాలి. డేటా సర్వర్‌కు వెళ్లి తిరిగొచ్చే సమయమే లేటెన్సీ. స్పీడ్ టెస్ట్ యాప్‌లో ‘పింగ్’ అంటే అదే.

ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు వెళ్తుంది. కాబట్టి హైదరాబాద్ సర్వర్‌కు దూరం వల్ల పట్టేది కొద్ది మిల్లీసెకన్లే.

ఎలా పరీక్షించాలి?

మొబైల్ డేటా ఆపి, హైదరాబాద్ సర్వర్ ఎంచుకోండి. రౌటర్ పక్కన ఒకసారి, మీ గదిలో ఒకసారి చూడండి. గదిలోనే పింగ్ పెరిగితే సమస్య వైఫైది. క్లౌడ్ యాక్సిలరేషన్ సేవ కొన్నా అది తీరదు. ఆ సేవ బయటి దారినే దగ్గర చేస్తుంది.

రౌటర్ పక్కనా ఎక్కువుంటే ఉదయం, రాత్రి స్క్రీన్‌షాట్లు తీసి, ప్రొవైడర్‌కు ఫిర్యాదు చేయండి. డాకెట్ నంబర్ తప్పక తీసుకోండి.