బొమ్మ ట్రక్కును పొడుగు చేయడం ఎలా?

పీటర్‌బిల్ట్ 359 అమెరికా రోడ్ల మీద పేరు మోసిన పొడుగుముక్కు ట్రక్కు. ఏఎమ్‌టీ కంపెనీ దాని ప్లాస్టిక్ కిట్‌ను 1/25 కొలతలో చేసింది. అంటే అసలు బండిలో ఒక మీటరు బొమ్మలో 4 సెంటీమీటర్లు.

డ్రైవరు పడుకునే గదిని పెద్దది చేయాలా? అయితే ముందు ఛాసీ, అంటే బండి అడుగు చట్రం, పొడవు పెరగాలి. దాని రెండు కమ్మీలనూ సన్నని రంపంతో కోసి, మధ్యలో ప్లాస్టిక్ ముక్కలు పెట్టి అతికిస్తారు. కొలత కాస్త తేడా వచ్చినా బండి వంకరగా నిలబడుతుంది.

మరి ఆ అతుకు ఊడిపోదా? కిట్ పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసింది. అతికించడానికి వాడే జిగురు మోడల్ సిమెంటు. అందులోని ద్రావణి దాని పైపొరను కరిగిస్తుంది. అప్పుడు రెండు ముక్కల్లోని పొడవాటి అణువులు ఒకదాంట్లోకి ఒకటి చొరబడి పెనవేసుకుంటాయి. ద్రావణి ఆవిరయ్యాక రెండూ ఒకటే ముక్క! దీన్ని వెల్డింగ్ అన్నా తప్పులేదు. ఆ ఆవిరి పీల్చకూడదు. కిటికీ తెరవండి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి.

మెరిసే క్రోమ్ భాగాలకు ఈ సిమెంటు పట్టదు, పైనున్న లోహపు పూత అడ్డం. అతికే చోట పూత గీకేయాలి.

పొగ గొట్టాలు ఆకాశాన్ని అంటాలని అందరికీ సరదానే. కానీ అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బండి ఎత్తు సుమారు 4.1 మీటర్లు దాటకూడదు. బొమ్మలో దాదాపు 16.4 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి చూసుకోండి.