పోలీసు పరుగుకు ముందు తెలియాల్సిన మాటలు

కానిస్టేబుల్ ఉద్యోగాల ప్రకటన వెలువడితే చాలు, మన పల్లెల్లో కుర్రాళ్లు కోడి కూయకముందే రోడ్డెక్కుతారు. పురుష అభ్యర్థులు 1600 మీటర్లు గడువులోగా పరుగెత్తాలి. నెల రోజుల్లోనే దమ్ము సాధించాలన్న ఆత్రం మోకాళ్లకు, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు తెస్తుంది. డ్రిల్లు మాస్టార్లు వాడే కొన్ని మాటలకు అర్థం తెలుసుకుంటే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

వార్మప్: ఒళ్లు వేడెక్కించడం. పరుగుకు ముందు 5 నుంచి 10 నిమిషాలు చురుకుగా నడవాలి, మెల్లగా పరుగెత్తాలి.

ఏరోబిక్: ఊపిరితో అందే ప్రాణవాయువు సాయంతో కండరాలు పనిచేయడం. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే ఈ స్థాయిలో ఉన్నట్లే. దమ్ముకు పునాది ఇదే.

ఎనరోబిక్: ప్రాణవాయువు చాలనంత వేగం. చివరి 200 మీటర్ల దౌడు ఇలాంటిదే. నోట మాట పెగలదు, ఎక్కువసేపు సాగదు.

ఓవర్‌లోడ్: శ్రమను కొద్దికొద్దిగా పెంచడం. కోడెదూడను కాడికి అలవాటు చేయకుండా బండెడు బరువు లాగించం కదా! ఒంటి సంగతీ అంతే.

రికవరీ: విశ్రాంతి. అలసిన కండ తిరిగి గట్టిపడేది తిండితో, నిద్రతో. వారానికి ఒకరోజైనా పరుగు మానాలి.

ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆగి డాక్టరును కలవాలి. ఎండలో పరుగెత్తేవారికి ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు. ఈసారి తప్పిన ఉద్యోగానికి మరోసారి ప్రయత్నించవచ్చు, ముందు మనిషి బాగుండాలి.