రూపాయి లేకుండా ఫ్లాట్ కొనబోయా!

‘‘బ్రదర్, నీ జేబులోంచి రూపాయి తియ్యక్కర్లే. కిరాయే ఈఎంఐ కట్టేస్తది’’... మియాపూర్‌లో ఫ్లాట్ చూపిస్తూ ఏజెంట్ అన్న మాట. నా జీతం నెలకి లక్ష. దాచింది సున్నా. ఇంకేం, ఓనర్ అయిపోయినట్టే అనుకున్నా.

ఫ్లాట్ ధర 60 లక్షలు. 30 నుంచి 75 లక్షల దాకా హోమ్‌లోన్ అయితే ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదన్నది ఆర్‌బీఐ రూల్. అంటే 48 లక్షలే. మిగతా 12 లక్షలు మనమే తెచ్చుకోవాలి. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం... ఇంకో నాలుగున్నర లక్షలు!

దానికీ ఏజెంట్ దగ్గర మందుంది. ‘‘అగ్రిమెంట్‌లో 75 లక్షలని రాద్దాం. 80 శాతం లెక్కన 60 లక్షలూ లోనే వస్తది.’’ ఇది బ్యాంకుని మోసం చేయడమే. అప్పుడు మాత్రం (సిగ్గుపడుతూనే రాస్తున్నా) భలే తెలివైన ఐడియా అనిపించింది. అడ్వాన్స్ లక్ష ఇమ్మన్నారు. అమ్మ గొలుసు తాకట్టు పెట్టి ఇచ్చా.

బ్యాంకు పంపిన వాల్యూయర్ చుట్టుపక్కల ధరలు చూసి, విలువ 58 లక్షలే అని తేల్చాడు. అగ్రిమెంట్‌లో ఎంత రాసుకున్నా, రెండింట్లో తక్కువదాని మీదే లోన్. 46 లక్షల 40 వేలు దాటదన్నారు.

ఆ రాత్రి మొదటిసారి లెక్కేసుకున్నా. 60 లక్షల లోన్ వచ్చి ఉంటే, ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకి ఈఎంఐ దాదాపు 52 వేలు. అక్కడ అద్దె 22 వేలు. నెలనెలా 30 వేలు నా జేబులోంచే! మెయింటెనెన్స్, అద్దెకెవరూ రాని నెలలు... అవి వేరే.

కట్టుబడిలో ఉన్న ఫ్లాట్లకి ఇంకో ఆఫర్ ఉంటుంది. ‘తాళాలిచ్చేదాకా ఈఎంఐ బిల్డరే కడతాడు’ అని. లోన్ మాత్రం మన పేరు మీదే. ఢిల్లీ చుట్టుపక్కల బిల్డర్లు మధ్యలో చేతులెత్తేస్తే బ్యాంకులు కొన్నవాళ్ల వెంటపడ్డాయి. 2025లో సుప్రీంకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించేదాకా వెళ్లింది వ్యవహారం.

నా లక్ష తిరిగి రాలేదు. ‘‘వద్దనుకుంది మీరే కదా’’ అన్నాడు ఓనర్. ఏజెంట్ ఫోనెత్తడం మానేశాడు. గొలుసు విడిపించడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ మధ్యలోనే చెల్లి సీమంతం. అమ్మ ఉత్త నల్లపూసలతో వచ్చింది. చుట్టాలు అడిగితే, ‘‘మెడనొప్పి, బరువు మోయలేకపోతున్నా’’ అని చెప్పింది.