‘బ్యాండ్’ అంటే పెళ్లి మేళమేనా? డిటెక్టివ్ కథలతో ఇంగ్లీష్ పదాలు నేర్చుకోండిలా!

వరంగల్: పోటీ పరీక్షలకు ప్రిపేరయ్యే తెలుగు మీడియం అభ్యర్థులను బాగా భయపెట్టేది ఇంగ్లీష్ వొకాబులరీ. పదం, పక్కన తెలుగు అర్థం.. ఇలా లిస్టులు బట్టీ పడతారు. తీరా పేపర్‌లో అదే పదం వేరే అర్థంలో వస్తే మార్కు పోయినట్టే. ఈ చిక్కుకు పాత డిటెక్టివ్ కథలు మంచి మందు.

ఆర్థర్ కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్ కథ ‘స్పెకిల్డ్ బ్యాండ్’నే తీసుకోండి. 1892లో వచ్చింది. ఓ యువతి చనిపోతూ ‘మచ్చల బ్యాండ్’ అంటుంది. మనకైతే బ్యాండ్ అనగానే పెళ్లి బరాత్ గుర్తొస్తుంది! ఇంగ్లీష్‌లో ఆ మాటకు మనుషుల గుంపు అనీ, పట్టీ అనీ రెండు అర్థాలున్నాయి. హోమ్స్ కూడా మొదట గుంపు అనుకునే పొరబడతాడు. గది చూశాకే అసలు సంగతి తెలుస్తుంది. అదేంటో ఇక్కడ చెప్పేస్తే కథ పాడవుతుంది. చదివినవాళ్లు మాత్రం ఆ రెండు అర్థాలు మర్చిపోరు.

‘సింగ్యులర్’ అంటే గ్రామర్‌లో ఏకవచనం. హోమ్స్ కథల్లో మాత్రం చాలాచోట్ల ‘వింతైన’ అని. ‘క్లూ’ మనకు కొత్త కాదు, క్రైమ్ వార్తల్లో క్లూస్ టీమ్ రోజూ కనిపిస్తుంది. కానీ ఆ మాటకు పాత అర్థం దారపు ఉండ. గ్రీకు పురాణగాథలో థీసియస్ దారం పట్టుకునే చిక్కుదారుల నుంచి బయటపడ్డాడు.

తెలుగులోనూ ఇంతే. కాకతీయ యూనివర్సిటీలో పరిశోధన అంటే పీహెచ్‌డీ. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ చేసేదీ పరిశోధనే, అక్కడ వెతికేది నేరస్థుణ్ని. పక్క మాటలు చూస్తేనే తేడా తెలిసేది.

చదివేటప్పుడు ప్రతి పదానికీ డిక్షనరీ తీయొద్దు. ముందు సందర్భాన్ని బట్టి ఊహించాలి. కథ అయ్యాక, తెలియని పదం ఉన్న వాక్యం మొత్తం నోట్‌బుక్‌లో రాసుకుని అప్పుడు అర్థం సరిచూసుకోవాలి. అదే పదంతో సొంతంగా ఇంకో వాక్యం రాస్తే ఇంకా మంచిది. ఒక జాగ్రత్త: ‘హ్యాన్సమ్’ అనే గుర్రపు బండి లాంటి పాతకాలం మాటలు పరీక్షకు పెద్దగా అక్కరకు రావు, వాటి దగ్గర ఆగిపోవద్దు.

హోమ్స్ కథలు 56, నవలలు 4. కాపీరైట్ గడువు తీరింది కాబట్టి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ సైట్‌లో ఫోన్‌లోనే ఫ్రీగా చదువుకోవచ్చు. ‘స్పెకిల్డ్ బ్యాండ్’ తర్వాత ‘రెడ్ హెడెడ్ లీగ్’ చదవండి. అక్కడ లీగ్ అంటే క్రికెట్ కాదు, ఎర్ర జుట్టోళ్ల సంఘం!